వేడిమికి వాకిలి

వైశాఖ మాసమున మిట్టమధ్యాహ్నము పెంకుటింటిలో కూర్చున్నవారికి ఒక సంగతి ఎవరును చెప్పకయే తెలియును. కిటికీలు తెరచియున్న గదిలో ఎట్లో కాలము గడపవచ్చును; తలుపులన్నియు బిగించిన గదిలో ఊపిరి సలుపదు. వంటయింటి సంగతి ఇంకను స్పష్టము. పొయ్యికి పైన పొగగూడు లేనిచో, పొగయు వేడియు లోపలనే సుడులు తిరిగి వంట చేయు తల్లి కన్నుల నీరు నింపును. పొగగూడు ఉన్నచో అవి తమంత తాము పైకి లేచి వెడలిపోవును. ఆ యిండ్లు కట్టిన పెద్దలు భౌతికశాస్త్రము చదివినవారు కాకపోవచ్చును. అయినను వేడిమికి ఒక వాకిలి విడువవలెనని వారెరుగుదురు.

బల్లమీద నుండు కంప్యూటరునకును ఈ నియమమే వర్తించును. పాఠశాలలోనో, అంగడిలోనో, ఇంటిలోనో పదియేండ్లుగా పనిచేయుచున్న చిన్న కంప్యూటరు పెట్టెను మీరు చూచియుందురు. చలికాలమున అది చక్కగా పనిచేయును. ఎండలు ముదిరిన పిమ్మట నత్తనడక నడచును. లోపలి ఫ్యాను రొద పెట్టును. ఒక్కొక్కప్పుడు మనము వ్రాసినదానిని భద్రపరచుకొనక మునుపే యంత్రము చటుక్కున ఆగిపోవును. గంటల కొలది చేసిన పని ఒక్క క్షణములో పోవును. “దీనికి వయసు మీరినది, పారవేయుడు” అని సలహా చెప్పువారు చాలమంది. కాని తరచుగా ఆ యంత్రమునకు వచ్చినది మరణము కాదు, ఉక్కపోత. ఈ రెంటికిని గల భేదము తెలిసినవారు పనికివచ్చు వస్తువును పారవేయరు.

కంప్యూటరు బండి లాగదు, నీరు తోడదు, పిండి విసరదు. అట్టిదానికి ఇంత వేడి యెక్కడిదని మీరడుగవచ్చును. కంప్యూటరులో లెక్కలు చేయు ముఖ్యభాగమును ప్రాసెసరు అందురు. గోరంత ప్రమాణము గల ఆ చిప్పులో కంటికి కనబడనంత చిన్న మీటలు అసంఖ్యాకముగా కలవు. వాని పేరు ట్రాన్సిస్టరులు. అవి సెకనునకు లక్షల సార్లు, కోట్ల సార్లు తెరచుకొని మూసికొనుచుండును. తెరచుకొని మూసికొనిన ప్రతిసారియు కొంచెము విద్యుత్తు ప్రవహించును. ప్రవాహమునకు కలుగు నిరోధము వలన వేడి పుట్టును. విద్యుత్తు ప్రవహించు లోహపు తీగలో ఎంత వేడి పుట్టునో తెలుపు సూత్రమును 1841లో జేమ్స్ జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. కంప్యూటరు తీసికొనిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతయు కడపట వేడిగనే బయటపడును. 60 వాట్ల విద్యుత్తుతో నడచు కంప్యూటరు, లెక్కలు చేయుటతో పాటు, 60 వాట్ల చిన్న పొయ్యివలె గూడ పనిచేయుచున్నదన్నమాట.

మొదటి కంప్యూటరులకు చోటు కరవు లేకుండెను. 1946లో అమెరికా దేశమునందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ప్రదర్శింపబడిన ఎనియాక్ అను యంత్రము ఒక పెద్ద గదినంతయు ఆక్రమించెను. అందు సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులుండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసికొనెడిది. ఆ వేడిని వెడలగొట్టుటకు బలమైన ఫ్యానులు అమర్చిరి. తరువాత వచ్చిన యంత్రములు తక్కువ విద్యుత్తుతో పనిచేయ నేర్చినవి. గది నుండి బల్లమీదికి దిగివచ్చినవి. కాని చిన్న పెట్టెకు తనదైన చిక్కొకటి యున్నది. ఎంత వేడి పుట్టునన్నది తీసికొను విద్యుత్తును బట్టి యుండును. ఎంత త్వరగా అది వెడలునన్నది పెట్టె గోడల వైశాల్యమును, లోపల గాలి ఆడు చోటును బట్టి యుండును. ఘనాకారపు పెట్టె యొక్క అంచును 40 సెంటీమీటర్ల నుండి 20 సెంటీమీటర్లకు తగ్గించితిమనుకొనుడు. గోడల వైశాల్యము నాలుగవ వంతగును. లోపలి చోటు ఎనిమిదవ వంతగును. విద్యుత్తు మాత్రము తగ్గనిచో, మునుపటి వేడి యంతయు ఇప్పుడు నాలుగవ వంతు గోడ గుండ బయటికి పోవలెను.

వేడి ప్రయాణించుటకు వహనము, సంవహనము, వికిరణము అని మూడు మార్గములున్నవని మీరు విజ్ఞానశాస్త్రములో చదివియుందురు. కంప్యూటరులో ముఖ్యమైనవి మొదటి రెండు. ప్రాసెసరు మీద రేకులు రేకులుగా చీల్చిన అల్యూమినియము దిమ్మ యొకటి యుండును. దీనిని హీట్ సింకు అందురు. చిప్పులోని వేడి వహనము చేత ఆ దిమ్మలోనికి ప్రాకి, రేకులన్నిటికిని వ్యాపించును. రేకులు అధికమైనకొలది గాలి తాకు వైశాల్యము పెరుగును. చిప్పునకును దిమ్మకును నడుమ తెల్లనిదో బూడిదరంగుదో యగు ఒక లేపనము పూసియుందురు. దాని పేరు థర్మల్ పేస్టు. రెండు లోహతలములు ఎంత నున్నగా కనబడినను, వాని నడుమ సన్నని గుంటలుండును. ఆ గుంటలలో గాలి నిలుచును. గాలికంటె రాగి పదివేల రెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. కావున వెండ్రుక మందపు గాలిపొరయైనను వేడికి పెద్ద అడ్డుగోడయే. లేపనము ఆ గుంటలను పూడ్చును. ఏండ్లు గడచినకొలది అది ఎండి బీటలువారును. అప్పుడు హీట్ సింకు చల్లగానే యున్నను చిప్పు మాత్రము కాగిపోవుచుండును.

ఇక రేకుల నుండి వేడిని గ్రహించిన గాలి బయటికి పోవలెను. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికయై పైకి లేచును. చల్లని గాలి అడుగు నుండి వచ్చి ఆ చోటును ఆక్రమించును. ఇదియే సంవహనము. పొగగూడు పనిచేయునదియు దీనివలననే. ఈ సహజప్రవాహము చాలనిచోట ఫ్యాను అవసరమగును. ఫ్యాను గాలిని చల్లబరచునని పలువురు తలంతురు. అది నిజము కాదు. అది వేడిగాలిని త్రోసి, బయటి గాలిని లోనికి తెచ్చును. అంతియే దాని పని.

ఫ్యాను లేకయే కంప్యూటరును నడుపవచ్చునా అను ప్రశ్నకు రెండు యంత్రముల చరిత్ర చక్కని జవాబు చెప్పును. 1984వ సంవత్సరము జనవరిలో అమెరికాలోని ఆపిల్ సంస్థ మాకింటాష్ అను చిన్న కంప్యూటరును వెలువరించెను. దాని ఎత్తు సుమారు 14 అంగుళములు, వెడల్పు సుమారు 10 అంగుళములు. ఆ చిన్న పెట్టెలోనే 9 అంగుళముల పిక్చరు ట్యూబు, దానికి విద్యుత్తు నిచ్చు పలక, ప్రాసెసరు గల పలక అన్నియు ఇమిడియుండెను. ఆ సంస్థ స్థాపకులలో నొకరైన స్టీవ్ జాబ్స్ ఫ్యాను చప్పుడును సహింపలేదు. పనిచేయువాని ఏకాగ్రతను చెడగొట్టని నిశ్శబ్దయంత్రము కావలెనని ఆయన కోరిక. అందుచేత ఆ పెట్టెకు అడుగునను పైనను చీలికలు విడచిరి. వేడిగాలి తానై పైకి పోవలెనని ఏర్పాటు. ఆ కోరిక మంచిదే. కాని దానికి చెల్లింపవలసిన మూల్యమొకటి యున్నది.

విద్యుత్పలక ప్రతిదినము వేడెక్కి, రాత్రి చల్లారుచుండెను. వేడెక్కిన లోహము వ్యాకోచించును, చల్లారినది సంకోచించును. ఏండ్ల తరబడి ఇట్లు జరుగగా టంకముతో అతికిన అతుకులలో సన్నని బీటలు ఏర్పడెడివి. యంత్రమునకు ‘లేతరంగు టోస్టరు’, అనగా రొట్టెముక్కలు కాల్చు పెట్టె, అని ఎగతాళి పేరు వచ్చినది. దానిలో అదనపు భాగములు చేర్చుకొనినవారికి ఈ చిక్కు మరింత ఎక్కువయ్యెను. కొందరు పైచీలికల మీద అట్టతో చేసిన పొగగొట్టమును నిలిపిరి. కొందరు వెలుపలి ఫ్యానును కొని తగిలించిరి. పొగగొట్టము ఎత్తైనకొలది వేడిగాలి ఈడ్పు పెరుగును గావున ఆ అట్ట గొట్టమును చూచి నవ్వవలసిన పనిలేదు. మన వంటయింటి ఉపాయమే అది. తుదకు 1987లో వచ్చిన మాకింటాష్ ఎస్‌ఇ అను యంత్రమున ఆ సంస్థయే లోపల ఫ్యానును అమర్చెను.

అయినను నిశ్శబ్దయంత్రపు ఆశ చావలేదు. 2000వ సంవత్సరమున అదే సంస్థ పవర్ మాక్ జి4 క్యూబ్ అను మరియొక యంత్రమును తెచ్చెను. సుమారు 8 అంగుళముల ఘనము, పారదర్శకమైన అక్రిలిక్ తొడుగు, ఫ్యాను లేదు. ఈసారి వేడిమి విషయమున ఎక్కువ ఆలోచన చేసిరి. యంత్రము నట్టనడుమ అడుగు నుండి పైవరకు ఒక నిలువు మార్గము విడచి, హీట్ సింకును అందు నిలిపిరి. గాలి క్రింద దూరి పైజల్లెడ గుండ వెడలును. పెట్టె యంతయు ఒక పొగగూడుగా మారినది. విద్యుత్తు నిచ్చు భాగమును పెట్టెకు వెలుపల నుంచిరి. దానివలన ఒక పొయ్యి ఇంటి బయటికి పోయినట్లయినది. మాకింటాష్ నేర్పిన పాఠము ఇట్లు వ్యర్థము కాలేదు. ధర ఎక్కువగుటచే అది ఆశించినంత అమ్ముడుపోక, 2001 జూలైలో దాని తయారీ నిలిచిపోయెను. తరువాత దానిలో మరింత వేగము గల ప్రాసెసరును అమర్చుకొనినవారు, అడుగున విడిచియుంచిన చోట ఫ్యానును చేర్చుకొనవలసి వచ్చెను. వేడి పెరిగినప్పుడు వాకిలిని గూడ పెంచవలెనన్నమాట.

ఇప్పుడు మన యూరి సంగతి చూతము. హీట్ సింకు గాని ఫ్యాను గాని చిప్పును గది గాలికంటె చల్లగా చేయజాలవు. ఒక చిప్పు పనిచేయునప్పుడు గది గాలికంటె 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా నుండుననుకొందము. గదిలో 25 డిగ్రీలున్నచో చిప్పు 65 డిగ్రీలకు చేరును. రెంటచింతలలోనో రామగుండములోనో వేసవిలో గది 42 డిగ్రీలైనచో అదే చిప్పు 82 డిగ్రీలకు పోవును. రేకుల నడుమ దుమ్ము చేరి మరి 15 డిగ్రీలు పెంచినచో 97 డిగ్రీలగును. నేటి ప్రాసెసరులు అట్టి సమయమున తమ వేగమును తామే తగ్గించుకొనును. అప్పటికిని వేడి తగ్గనిచో యంత్రము ఆగిపోవును. మనము రోగమనుకొను నెమ్మది నిజమునకు ఆత్మరక్షణము. ప్రాసెసరు ఇట్లు తప్పించుకొనినను, విద్యుత్తును నిలుపు కెపాసిటరులు తప్పించుకొనలేవు. వేడి 10 డిగ్రీలు పెరిగినచో వాని ఆయువు సుమారు సగమగునని ఇంజనీరులు లెక్కింతురు.

ఇందుకు ప్రతిక్రియలు సులభమైనవి, ధనము కోరనివి. పెట్టెను గోడకు ఆనించి పెట్టక జానెడు ఎడము విడువవలెను. ఎండ పడు కిటికీ ప్రక్కన నుంచరాదు. పూలు కుట్టిన గుడ్డ కప్పుట మనకు ముచ్చట. కాని యంత్రము పనిచేయునప్పుడు ఆ గుడ్డను తీయవలెను. చీలికల మీద పుస్తకములు పేర్చరాదు. ఆరు మాసముల కొకసారి పెద్దల సమక్షమున యంత్రమును ఆపి, ప్లగ్గును ఊడదీసి, మెత్తని పొడి కుంచెతో దుమ్ము దులుపవలెను. అప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో ఆపి పట్టుకొనవలెను. తడిగుడ్డ పనికిరాదు. లేపనము మార్చుట తెలిసినవారు చేయవలసిన పని. పాతదానిని పూర్తిగా తుడిచి, క్రొత్తది మిరియపు గింజంత పెట్టిన చాలును. దట్టముగా పూసినచో అదియే అడ్డుగోడ యగును. పిక్చరు ట్యూబు గల పాత పెట్టెను మాత్రము మీరెన్నడును తెరువరాదు. విద్యుత్తు తీసివేసిన తరువాత గూడ ఆ ట్యూబులో వేల వోల్టులు నిలిచియుండవచ్చును, అది ప్రాణాపాయము.

వేడిమిని ఎవరును నాశనము చేయలేరు. ఒకచోట నుండి మరియొకచోటికి పంపగలము; అంతకంటె వేరు మార్గము లేదు. గొప్ప సంస్థ కట్టిన యంత్రమైనను, పల్లెలోని వంటయిల్లైనను ఈ శాసనమునకు లోబడినవే. కావున ఈ వేసవిలో మీ పాఠశాలలోని పాత కంప్యూటరు రొద పెట్టినచో, దానిని నిందింపకముందు దాని చుట్టును ఒకసారి తిరిగి చూడుడు. గాలి ఎక్కడ లోనికి పోవుచున్నది? ఎక్కడ వెలువడుచున్నది? నడుమ అడ్డమేమున్నది? ఆ అడ్డమును తొలగించినచో, పారవేయదలచిన ఆ యంత్రము మరికొన్ని యేండ్లు మీ తమ్ములకును చెల్లెండ్రకును చదువు చెప్పవచ్చును.