కొల్యూర్: రంగుల రేవు, కవి సమాధి

ఒక ఊరు అందంగా ఉందని చెప్పడంతో ఆ ఊరిని గురించి చెప్పవలసింది పూర్తికాదు. ఆ అందం ఎవరి శ్రమతో ఏర్పడింది, ఎవరి అవసరాలకు పనికివచ్చింది, దేన్ని మరుగుపరుస్తోంది అన్న ప్రశ్నలు వేసినప్పుడే ఊరు అర్థమవుతుంది. ఫ్రాన్సు దక్షిణ కొసన, స్పెయిన్ సరిహద్దుకు దగ్గరలో, పిరనీ పర్వతాలు మధ్యధరా సముద్రంలోకి దిగేచోట ఉన్న కొల్యూర్ ఇందుకు మంచి ఉదాహరణ. జనాభా మూడువేలకు లోపు. కాని గత శతాబ్దపు యూరప్ చిత్రకళ, కవిత్వం, ఫాసిస్టు వ్యతిరేక పోరాటం మూడూ ఈ చిన్న రేవులో కలుసుకున్నాయి.

ముందుగా ఊరి చరిత్ర. కొల్యూర్ మొదటినుంచీ ఫ్రెంచి ఊరు కాదు. ఇది కతలాన్ జాతి నివసించే రూసియోన్ ప్రాంతంలోది. 1276 నుంచి 1344 వరకు పెర్పిన్యాన్ రాజధానిగా పాలించిన మయోర్కా రాజుల కాలంలో ఇది వాళ్ళకు విడిది, వర్తకానికి రేవు. నీటి అంచున నిలిచిన పెద్ద కోట ఆనాటి నుంచి పెరుగుతూ వచ్చిందే. తర్వాత అరగాన్ రాజులు, ఆ తర్వాత స్పెయిన్ చక్రవర్తులు వచ్చారు. 1659లో కుదిరిన పిరనీ సంధితో రూసియోన్ మొత్తం ఫ్రెంచి రాజు పదునాలుగవ లూయీ చేతికి పోయింది. ఈ సంధి చేసుకున్నవాళ్ళు ఇక్కడి జాలరులను అడిగి చేసుకోలేదని వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త ప్రభువులు చేసిన మొదటి పనుల్లో ఒకటి ఊరిని కూలగొట్టడం. సైనిక ఇంజనీరు వోబాన్ పథకం ప్రకారం, ఫిరంగులకు అడ్డు లేకుండా ఉండాలని కోట పక్కనున్న పాత ఊరినీ, దాని చర్చినీ నేలమట్టం చేశారు. ప్రజలు కొత్త చర్చిని 1684–1691 మధ్య నీటి ఒడ్డున కట్టుకున్నారు. పాత రేవుకు దారి చూపిన దీపస్తంభమే దాని గంటల గోపురమయింది. ఈనాడు ప్రతి ప్రయాణికుడూ ఫోటో తీసుకునే ఆ గోపురం వెనుక, ఇళ్ళు కోల్పోయిన జనం కథ ఉంది. 1700లో మరొక దెబ్బ తగిలింది. అధికార పత్రాలన్నీ ఫ్రెంచి భాషలోనే ఉండాలని రాజశాసనం వచ్చింది. ఇళ్ళలో, పడవల మీద, బజారులో కతలాన్ బతికింది. కచేరీలో దానికి చోటు లేకపోయింది.

ఇక జీవనాధారం. మన కోస్తా జాలరులు నెత్తళ్ళు అనే చేప జాతి ఇక్కడి ప్రధాన సంపద. మగవాళ్ళు త్రికోణపు తెరచాప కట్టిన కతలాన్ పడవల మీద వేటకు పోయేవారు. తెచ్చిన చేప తలలు తీసి, పేగులు లాగి, పీపాల్లో ఒక వరస చేప, ఒక వరస ఉప్పు పేర్చి, పైన బరువు పెట్టి, నెలల తరబడి మాగబెట్టే పని ఆడవాళ్ళది. సముద్రం ఇవ్వని రోజుల్లో కొండ మీద ద్రాక్ష. పలకరాతి వాలులను రాయి రాయి పేర్చి మెట్లుగా మలిచి, వానకు మట్టి కొట్టుకుపోతే మళ్ళీ మోసుకువచ్చి నింపిన తరాల చాకిరీ ఆ తోటల్లో ఉంది. చూసేవాళ్ళకు అది ప్రకృతి సౌందర్యం. చేసినవాళ్ళకు అది నడుము విరిగే పని.

1905 వేసవిలో చిత్రకారుడు హెన్రీ మాటిస్ ఇక్కడికి వచ్చాడు. తరువాత ఆంద్రే దెరాన్ వచ్చి కలిశాడు. కంటికి కనిపించే రంగును కాక, కలిగిన అనుభూతికి తగిన రంగును నేరుగా పూయడం ఇద్దరూ ఇక్కడే సాధించారు. ఆ సంవత్సరం పారిస్ శరత్కాల ప్రదర్శనలో ఈ చిత్రాలను చూసి ఒక విమర్శకుడు ఆ చిత్రకారులను క్రూరమృగాలన్నాడు. ఆ తిట్టే ఒక ఉద్యమానికి పేరై నిలిచింది. శ్రామికుల రేవును రంగుల పండుగగా చూపడం పలాయనవాదం కాదా అని మనలో కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. దెరాన్ చిత్రాల్లో పడవలూ, పనిలో ఉన్న జాలరులూ ఉన్నారు. మాటిస్ 1905లో గీసిన తెరిచిన కిటికీలో గులాబీ, నీలి రంగుల మధ్య పడవలు ఊగుతుంటాయి. అదే మాటిస్ 1914లో, ప్రపంచయుద్ధం మొదలయ్యాక, కొల్యూర్‌లోనే మరొక కిటికీ గీశాడు. అందులో రెక్కల మధ్య దాదాపు పూర్తిగా నలుపే. సముద్రం లేదు, పడవ లేదు. కళాకారుడు ఎంత ఏకాంతంలో ఉన్నా చరిత్ర అతని కిటికీ దాకా వస్తుంది.

పాతికేళ్ళు తిరగకుండానే అది ఊరి వీధుల్లోకి వచ్చింది. 1939 జనవరి 26న బార్సిలోనా ఫ్రాంకో సేనల వశమయింది. కొద్ది వారాల్లో దాదాపు ఐదు లక్షలమంది స్పానిష్ ప్రజలూ, రిపబ్లికన్ సైనికులూ చలిలో సరిహద్దు దాటి ఫ్రాన్సులోకి వచ్చారు. కొల్యూర్ పక్కనున్న అర్జెలెస్ ఇసుక తీరంలో వాళ్ళను ముళ్ళకంచెల మధ్య ఉంచారు. మొదటి రోజుల్లో తలదాచుకోవడానికి కప్పు కూడా లేదు.

ఆ ప్రవాహంలోనే ఆంటోనియో మచాదో వచ్చాడు. 1875లో సెవిల్‌లో పుట్టి, బడిపంతులుగా ఫ్రెంచి చెబుతూ, కస్తీలియా బీడుభూములనూ అక్కడి మనుషులనూ కవిత్వంలో నిలిపిన మహాకవి. అంతర్యుద్ధంలో అతను రిపబ్లికు పక్షాన నిలిచాడు. అన్న మాన్యుయెల్ కూడా కవే. అతను ఫ్రాంకో పక్షం వహించాడు. మచాదో మన ఉద్యమానికి పరాయివాడు కాదు. సంస్కృతీ రక్షణకోసం 1935లో పారిస్‌లో జరిగిన రచయితల మహాసభ ప్రభావంతోనే సజ్జాద్ జహీర్ వంటి యువకులు స్వదేశంలో అలాంటి ప్రయత్నానికి పూనుకున్నారు. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. 1943లో తెనాలిలో మన ఆంధ్ర సంఘం ఏర్పడింది. ఆ పారిస్ సభకు కొనసాగింపుగా 1937లో స్పెయిన్‌లో జరిగిన మహాసభలో మచాదో కవికీ ప్రజలకూ ఉన్న సంబంధాన్ని గురించి ప్రసంగించాడు.

జనవరి 28న వృద్ధురాలైన తల్లితో, తమ్ముడు హోసేతో, మరదలితో అతను కొల్యూర్ స్టేషనులో దిగాడు. సామానంతా దారిలోనే పోయింది. బూన్యోల్-కింతానా అనే చిన్న హోటలు వాళ్ళకు ఆశ్రయమిచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఒకేసారి భోజనానికి కిందికి వచ్చేవారు కారు. పైకి వేసుకోదగ్గ చొక్కా ఇద్దరికీ కలిపి ఒకటే ఉందని తర్వాత తెలిసింది. ఎదురుగా ఉన్న చిన్న దుకాణదారు బట్టలిచ్చింది. బడిలో ఆ కవి పద్యాలు చదువుకున్న రైల్వే ఉద్యోగి ఒకడు అతన్ని గుర్తుపట్టాడు. ఒకరోజు సముద్రం చూడడానికి వెళ్ళినప్పుడు మచాదో జాలరుల ఇళ్ళ కిటికీలవైపు చూపించి, ఏ దిగులూ లేకుండా వాటి వెనుక బతకగలిగితే ఎంత బాగుండునని అన్నాడని తమ్ముడు రాశాడు. చిత్రకారుడు లోపలినుంచి చూసిన ఊరిని ఇల్లులేని కవి బయటినుంచి చూశాడు.

ఫిబ్రవరి 22న మచాదో చనిపోయాడు. మూడు రోజులకు తల్లీ పోయింది. పొరుగింటి స్త్రీ రాత్రికి రాత్రి కుట్టిన రిపబ్లికు జెండా శవపేటిక మీద కప్పారు. కోటలో ఉంచిన స్పానిష్ సైనికులు ఆరుగురు దాన్ని మోశారు. పాతిపెట్టడానికి చోటు కూడా ఊరివాళ్ళు ఎరువిచ్చిందే. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, ఫిబ్రవరి 27న, ఫ్రెంచి ప్రభుత్వం ఫ్రాంకోను గుర్తించింది. మార్చి నుంచి అదే కోట శిక్షా శిబిరంగా మారింది. లొంగరని భావించిన రిపబ్లికన్లనూ, అంతర్జాతీయ దళాల యోధులనూ అందులో బంధించి హింసించారు. నిరసనలు పెరిగి ఆ సంవత్సరాంతానికి మూసేశారు. ఒకే నెలలో, ఒకే ఊళ్ళో, రాజ్యం ఒకవైపూ సామాన్యులు మరొకవైపూ నిలిచారు. కొల్యూర్ స్వభావాన్ని తెలుసుకోవాలంటే గమనించవలసిన విషయం ఇదే.

సమాధి మౌనంగా ఉండలేదు. 1958లో చందాలతో కొత్త సమాధి కట్టి తల్లినీ కొడుకునూ అందులో చేర్చారు. 1959 ఫిబ్రవరి 22న, ఇరవయ్యో వర్ధంతినాడు, బ్లాస్ దె ఓతేరో, ఆంఖెల్ గోన్సాలెస్, హైమె హిల్ దె బియెద్మా వంటి కవులు ఇక్కడ కలుసుకున్నారు. ఫ్రాంకో నీడలో రాస్తున్న తరానికి ఆ సమావేశం ఒక ప్రతిజ్ఞ వంటిది. సమాధి దగ్గర ఒక తపాలా పెట్టె ఉంది. కవికి ఇప్పటికీ ఉత్తరాలు వస్తాయి. స్పెయిన్ ప్రధాని ఒకరు పదవిలో ఉండి ఇక్కడికి రావడానికి మాత్రం 2019 దాకా పట్టింది.

ఈనాటి కొల్యూర్ యాత్రికుల ఊరు. వేటపడవలు అలంకారాలయ్యాయి. ఉప్పు చేప చేసే పేరున్న ఇళ్ళు రెండే మిగిలాయి. వాటికి చేప చాలావరకు బయటి రేవులనుంచి వస్తుంది. మాటిస్ నిలబడ్డ చోట్ల అతని చిత్రాల నకళ్ళు నిలబెట్టారు, కోట మ్యూజియమయింది. దీన్ని తప్పుపట్టి లాభం లేదు, ఊరు బతకాలి. కాని రంగులను మాత్రమే అమ్మి, ముళ్ళకంచెను మరిచిపోతే ఆ రంగులూ అబద్ధమవుతాయి. మధ్యధరా దాటుతూ శరణార్థులు ఈనాటికీ ప్రాణాలు కోల్పోతున్నారు. ఒకే చొక్కాతో వచ్చిన ముసలాయన ఎవరో తెలియకముందే హోటలు తలుపు తెరుచుకుందని గుర్తుంచుకోవడం ఇప్పుడు మరింత అవసరం.