గాజు అతుకు, గొట్టం అతుకు

చార్మినార్ దగ్గర నిలబడి పడమటివైపు తిరిగితే లాడ్ బజార్ కనిపిస్తుంది. అక్కడి లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. మీరెప్పుడైనా వెళితే రాళ్ల మెరుపు చూసి సరిపెట్టుకోకండి. గాజు లోపలివైపు వేలితో తడిమి చూడండి. అతుకు ఎక్కడుందో తెలుస్తుందా?

మంచి గాజైతే తెలియదు. నీళ్లు మరిగేటంత వేడి అక్కరలేకుండానే లక్క మెత్తబడుతుంది. దాన్ని కడ్డీలా చేసి, వంచి, రెండు కొసలూ కలిపి అదుముతారు. వేడి ఆరకముందే గుండ్రటి కొయ్యకు తొడిగి సరిచేస్తారు. కొయ్య లోపలినుంచి ఒత్తడంవల్ల అతుకు దగ్గర లేచిన బొడిపె అణిగిపోతుంది. అణగకపోతే చేతిని గీరుతుంది మరి!

ఇనుప గొట్టానికి ఈ సులువు లేదు. కారు ఇంజనులో పెట్రోలు మండాక, ఆ వేడి వాయువులు బయటికి పోవాలి కదా? ఒక్కొక్క సిలిండరునుంచి ఒక్కొక్క గొట్టం బయలుదేరి, అన్నీ ముందుకెళ్లి ఒకటవుతాయి. ఈ గొట్టాల గుత్తినే హెడర్ అంటారు. ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు సెకనుకు 25 సార్లు వాయువును బయటికి తోస్తుంది.

కొందరు కారుతో వచ్చిన గొట్టాలు తీసేసి, బజారులో విడిగా అమ్మే హెడర్ కొని బిగిస్తారు. వంచిన గొట్టపు ముక్కలను మందపాటి ఇనుప పలకకు వెల్డింగు చేసి దీన్ని తయారుచేస్తారు. పైకి అతుకు చక్కగానే ఉంటుంది. లోపల మాత్రం కరిగిన లోహం దిగి, గడ్డలుగా పేరుకుపోవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీలైతే మరో చిక్కు: కాలిన అతుకు లోపలివైపు గాలి తగిలితే నల్లగా, పంచదార పలుకుల్లా గరుకు తేలుతుంది. అందుకే శ్రద్ధగల పనివాళ్లు గొట్టంలో ఆర్గాన్ వాయువు నింపి వెల్డింగు చేస్తారు.

ఒక చిన్న లెక్క వేద్దాం. గొట్టం లోపలి వ్యాసం 40 మిల్లీమీటర్లు. అతుకు చుట్టూ 3 మిల్లీమీటర్ల గట్టు లేచిందనుకోండి. మిగిలిన దారి వ్యాసం 34. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 40 వర్గం 1600, 34 వర్గం 1156. అంటే దారిలో నూటికి 28 వంతులు మూసుకుపోయిందన్నమాట! అంతేకాదు, కాలువలో రాయి వెనక నీరు తిరిగినట్టు గట్టు వెనక వాయువు సుడులు తిరుగుతుంది. దాన్ని బయటికి తోయడానికి పిస్టనుకు అదనపు శ్రమ. ఎక్కడో ఒక్క చిన్న బొడిపె ఉంటే మాత్రం పెద్దగా తేడా తెలియదు లెండి.

మరి ఏం చేయాలి? హెడర్‌ను బిగించకముందే టార్చిలైటు వేసి చూడాలి. చేరగలిగినచోట గుండ్రటి ఆకురాయితోగాని, కరెంటుతో తిరిగే చిన్న అరగదీత పనిముట్టుతోగాని గడ్డను గొట్టపు గోడ మట్టానికి దించాలి. అంతకు మించి అరగదీస్తే అతుకు పలచబడి, వేడికీ చల్లదనానికీ పగులుతుంది. అద్దంలా మెరిపించడం కూడా వృథాయే, నాలుగు రోజుల్లో మసి పడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదు. మీరైతే అసలే చేయకండి, మెకానిక్కు చేస్తుంటే దూరంనుంచి చూడండి.

చివరికి రజనంతా దులపాలి. వదులుగా అంటుకున్న లోహపు పూసలనూ ఊడగొట్టాలి. అవి ఊడి కొట్టుకుపోతే, పొగను శుభ్రపరిచే కెటలిటిక్ కన్వర్టరులోని సన్నని పింగాణీ గదులను పగలగొట్టగలవు. బిగించాక అరగదీస్తే ఇంకా ముప్పు, ఇనుప రజను ఇంజనులోకే పోవచ్చు.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. పొట్టి ప్లాస్టిక్ గొట్టం లోపల మైనంతో నిటారుగా ఒక గట్టు కట్టండి. గరాటుతో గ్లాసెడు నీళ్లు పోసి, ఖాళీ కావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. తర్వాత సందు పెద్దది కాకుండా, గట్టుకు అటూ ఇటూ మైనం చేర్చి ఏటవాలుగా, నున్నగా దిద్ది మళ్లీ పోయండి. సందు అదే, మరి సెకన్లు?