చిట్టాకు అందని తుపాకి

మందమర్రి ప్రాంతపు భూగర్భ గనులలో బొగ్గును పేల్చు షాట్‌ఫైరరు మందుగుండును లెక్కపెట్టి తీసికొనవలెను. షిఫ్టు ముగియగానే వాడినదెంతయో చూపి, మిగిలినదానిని మాగజైనుకు తిరిగి అప్పగింపవలెను. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకరినొకరు నమ్మనక్కరలేదు, చిట్టా చాలును. సాయుధ సంఘర్షణ ముగిసిన సమాజమున అట్టి చిట్టా యేదీ? అచట తుపాకి దింపువాడు ఎదుటివానిని నమ్మి తీరవలెను.

మన తెలంగాణమునే చూడుడు. వడిసెలలతో, కఱ్ఱలతో దొరలను, రజాకార్లను ఎదిరించిన రైతులు క్రమముగా తుపాకులు సంపాదించుకొనిరి. 1948 సెప్టెంబరులో భారత సైన్యము వచ్చినది. నిజాము పాలన ముగిసినది. ఇక ఆయుధము లెందుకను ప్రశ్నపై కమ్యూనిస్టు నాయకులలోనే భేదము పుట్టినది. విరమించుటయే మేలని రావి నారాయణరెడ్డి వంటివారు వాదించిరి. కాని సైన్యము వెనువెంటనే పాత దేశముఖులును ఊళ్లకు మరలి వచ్చిరి. దున్నుకొనుచున్న చెలక మరల దొర పాలగునేమో యని రైతు భయపడెను. అతనిని తుపాకి యిమ్మనుట సులభమే. చెలకకు పూచీ యెవరు? 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగినది. ఆ చట్టమే రెండేండ్లు ముందు వచ్చియుండినచో ఎన్ని ప్రాణములు దక్కెడివో!

బొగ్గుగనుల సీమలో నక్సలైటు ఉద్యమము 1980ల నుండి వేళ్లూనినది. 2004 అక్టోబరులో శంకరన్‌గారి పౌరస్పందన వేదిక కృషి ఫలితముగా హైదరాబాదులో ప్రభుత్వమునకును మావోయిస్టు, జనశక్తి పార్టీలకును చర్చలు జరిగినవి. భూమి సమస్యయు చర్చకు వచ్చినది. కాని చిక్కుముడి మరియొకటి: దళములు ఆయుధములతో ఊళ్లలో తిరుగరాదని ప్రభుత్వ మనెను, అవి విడిచినచో తమ ప్రాణములకు రక్ష యేదని పార్టీలు అడిగెను. రెండును న్యాయముగానే తోచును. అందుకే ముడి విడలేదు. 2005 జనవరిలో చర్చలు తెగిపోయినవి.

ఉత్తర ఐర్లండులోను ఇదే చిక్కు. 1998లో ఒప్పందము కుదిరినను, ఐరిష్ రిపబ్లికన్ సైన్యము బ్రిటిషువారి చేతికి తుపాకి నీయనొల్లలేదు. కెనడా సేనాని జాన్ డి షాస్తలేన్ అధ్యక్షతన నున్న స్వతంత్ర సంఘము మధ్యవర్తిగా నిలిచినది. 2005 సెప్టెంబరులో ఒక కాథలిక్కు ఫాదరీయు, ఒక మెథడిస్టు ఫాదరీయు కన్నులార చూచుచుండగా ఆయుధములను పనికిరాకుండ చేసిరి. ఒప్పందమునకును ఆ దినమునకును నడుమ ఏడేండ్లు గడచినవి.