కొత్త కెమేరా కొనే ముందు

మీ ఇంట్లో ఏడెనిమిదేళ్ల నాటి కెమేరా ఒకటి ఉందనుకోండి. దానితోపాటు వచ్చిన 18-55 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే మీ దగ్గర ఉంది. చెరువు గట్టున తీగ మీద వాలిన పాలపిట్టను ఫోటో తీశారు. పిట్ట చుక్కంత పడింది. రాత్రి భోజనాల వేళ నాయనమ్మ ఒడిలో ఆడుకుంటున్న చెల్లెలిని తీశారు. చెల్లెలి ముఖం అలుక్కుపోయింది, గోడంతా ఇసుక చల్లినట్లు గరుకుగా వచ్చింది. “ఇది పాతదైపోయింది, కొత్తది కొందాం” అని ఇంట్లో అనుకున్నారు. దుకాణంలో అడిగితే ‘ఫుల్ ఫ్రేమ్’ అనే పెద్ద రకం కెమేరా చూపించారు. దాని ధర నాన్నగారి కొన్ని నెలల జీతం.

కొనవలసిందేనా? కొంటే ఆ రెండు ఫోటోలూ బాగుపడతాయా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నిపుణులు అక్కరలేదు. మీరు తరగతిలో చదువుకున్న కాంతి పాఠం, కొంచెం గణితం చాలు. రండి, లెక్క వేసి చూద్దాం.

కెమేరాలో ఎవరి పని ఏది?

కెమేరాలో రెండు ముఖ్య భాగాలున్నాయి. ఒకటి ముందుండే లెన్సు. ఇది కుంభాకార కటకంలా పనిచేసి ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. రెండవది వెనకనున్న పెట్టె. దీన్నే ‘బాడీ’ అంటారు. ఇందులో షట్టరు, సెన్సరు ఉంటాయి. షట్టరు కాంతిని కొంతసేపు మాత్రమే లోపలికి రానిస్తుంది. సెన్సరు మీద లక్షలాది చిన్న గదులు వరుసలుగా ఉంటాయి. ఒక్కొక్క గదిని ‘పిక్సెల్’ అంటారు. పది లక్షల పిక్సెళ్లు ఒక మెగాపిక్సెల్.

1975లో అమెరికాలోని కొడాక్ సంస్థలో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు డిజిటల్ కెమేరాను తయారుచేశాడు. దాని సెన్సరులో ఉన్నవి 100 వరుసలు, వరుసకు 100 గదులు. అంటే పదివేల పిక్సెళ్లు మాత్రమే. ఒక్క ఫోటోను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. ఈనాటి మామూలు కెమేరాలో 240 లక్షల పిక్సెళ్లున్నాయి. మరి ఇన్ని పిక్సెళ్లుండీ మన పాలపిట్ట చుక్కంత ఎందుకు పడింది?

పిట్ట ఎందుకు చిన్నదైంది?

దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం ఎంత పెద్దదో చెప్పడానికి ఒక తేలిక సూత్రం ఉంది. లెన్సు నాభ్యంతరాన్ని వస్తువు పొడవుతో హెచ్చించి, వస్తువు ఉన్న దూరంతో భాగించాలి. సరూప త్రిభుజాల నుంచి మీరే దీన్ని రాబట్టవచ్చు.

పాలపిట్ట పొడవు సుమారు 30 సెంటీమీటర్లు, అంటే 300 మి.మీ. అది మీకు 15 మీటర్ల దూరంలో ఉంది. మీ లెన్సు నాభ్యంతరం గరిష్ఠంగా 55 మి.మీ. లెక్క వేస్తే సెన్సరు మీద పిట్ట ప్రతిబింబం 1.1 మి.మీ. మాత్రమే! ఆవగింజంత అన్నమాట. మీ కెమేరా సెన్సరు వెడల్పు 23.5 మి.మీ. అందులో అడ్డంగా 6000 పిక్సెళ్లున్నాయి. 1.1 మి.మీ.లో పట్టేవి సుమారు 280. పిట్ట మొత్తానికి 280 పిక్సెళ్లు దక్కితే, దాని కన్ను, ముక్కు, ఈకల నీలిరంగు తీరు ఎలా తెలుస్తాయి?

ఇప్పుడు అదే పాత కెమేరాకు 300 మి.మీ. లెన్సు తగిలించండి. ప్రతిబింబం 6 మి.మీ. అవుతుంది. దాని పొడవునా సుమారు 1530 పిక్సెళ్లు దక్కుతాయి. కెమేరా మారలేదు, ఫోటో మారిపోయింది.

మరి దుకాణంలో చూపిన ఖరీదైన కెమేరా మాటేమిటి? దాని సెన్సరు వెడల్పు 36 మి.మీ., అడ్డంగా 8256 పిక్సెళ్లు. మొత్తం 45 మెగాపిక్సెళ్లు. అదే 300 మి.మీ. లెన్సు దీనికి పెడితే పిట్ట ప్రతిబింబం అదే 6 మి.మీ. ఎందుకంటే ప్రతిబింబం పొడవును నిర్ణయించేది లెన్సు, సెన్సరు కాదు. ఆ 6 మి.మీ.లో దక్కే పిక్సెళ్లు సుమారు 1380. చూశారా! రెట్టింపుకు దగ్గరగా మెగాపిక్సెళ్లున్న కెమేరా మన పిట్టకు ఇచ్చినది తక్కువ. మిగిలినవన్నీ పిట్ట చుట్టూ ఉన్న ఆకాశానికి పోయాయి.

ఇంకొక మాట. పోస్టుకార్డంత ఫోటో, అంటే 6 × 4 అంగుళాలది, అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 1800 × 1200 పిక్సెళ్లు కావాలి. అది రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం ఎక్కువ. 12 × 8 అంగుళాల పెద్ద పటానికైనా తొమ్మిది లోపే. కనుక మెగాపిక్సెళ్ల అంకె చూసి మోసపోకండి.

రాత్రి ఫోటో ఎందుకు గరుకైంది?

కాంతి ఫోటాన్లనే రేణువులుగా వస్తుంది. వాన చినుకుల్లాగే ఇవి కూడా అన్ని చోట్లా ఒకే లెక్కన పడవు. వాకిట్లో వంద గ్లాసులు వరుసగా పెట్టండి. నాలుగు చినుకులు పడే జల్లులో ఒక గ్లాసులో ఆరు, పక్క గ్లాసులో రెండు పడవచ్చు. అదే గంటసేపు జోరున కురిస్తే అన్ని గ్లాసుల్లోనూ నీరు ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటుంది. 

ఈ హెచ్చుతగ్గులు సగటు సంఖ్యకు వర్గమూలమంత ఉంటాయని గణితం చెబుతుంది. పిక్సెల్‌లో సగటున 10,000 ఫోటాన్లు పడితే తేడా 100, అంటే నూటికి ఒక వంతు. కంటికి తెలియదు. 100 ఫోటాన్లే పడితే తేడా 10, అంటే నూటికి పది వంతులు. ఒకే రంగు గోడ మీద పక్కపక్క పిక్సెళ్లు ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా కనిపిస్తాయి. అదే ఆ ఇసుక! కెమేరాలో ఐ.ఎస్.ఓ. అంకె పెంచితే కాంతి పెరగదు. గుసగుసను మైకులో పెట్టినట్లు, సంకేతంతోపాటు ఈ గరగర కూడా పెద్దదవుతుంది.

కనుక గరుకు తగ్గాలంటే ఎక్కువ కాంతి పట్టాలి. ఇందుకు రెండు మార్గాలు.

మొదటిది పెద్ద సెన్సరు. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం 36 × 24 = 864 చదరపు మి.మీ. మీ పాత కెమేరాది 23.5 × 15.6 = 367 చ.మి.మీ. అంటే 2.4 రెట్లు ఎక్కువ కాంతి.

రెండవది వెడల్పయిన ద్వారమున్న లెన్సు. లెన్సు మీద ఎఫ్/5.6, ఎఫ్/1.8 అని రాసి ఉంటుంది. నాభ్యంతరాన్ని ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఈ అంకె. అంకె చిన్నదైతే ద్వారం పెద్దది. మీ లెన్సు 55 మి.మీ. దగ్గర ఎఫ్/5.6. బజారులో 50 మి.మీ. ఎఫ్/1.8 అనే చిన్న లెన్సు దొరుకుతుంది. 5.6ను 1.8తో భాగించి వర్గం చేయండి. 9.7 వస్తుంది. అంటే దాదాపు పది రెట్ల కాంతి!

ఫుల్ ఫ్రేమ్ బాడీ 2.4 రెట్లు ఇస్తే, దాని ధరలో చిన్న భాగమైన లెన్సు పది రెట్లు ఇచ్చింది. ఈ పది రెట్లను షట్టరుకు కూడా వాడుకోవచ్చు. ఇంతకుముందు సెకనులో పదోవంతు తెరచి ఉంచిన షట్టరును ఇప్పుడు వందోవంతు ఉంచితే సరిపోతుంది. చెల్లెలు కదిలినా అలుక్కుపోదు. అయితే ప్రకృతి ఏదీ ఊరికే ఇవ్వదు. ద్వారం పెద్దదైతే స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది. చెల్లెలి కళ్లు స్పష్టంగా ఉంటే వెనకనున్న నాయనమ్మ ముఖం కొంచెం మసకబారవచ్చు. ఇద్దరూ ఒకే దూరంలో ఉండేటట్లు కూర్చోబెట్టాలి.

అయితే బాడీ ఎప్పుడు మార్చాలి?

కొత్త బాడీ అనవసరమని చెప్పడం లేదు. లెన్సు చేయలేని పనులు కొన్ని ఉన్నాయి.

ఎగిరే పక్షిని తీయాలనుకోండి. సెకనుకు 10 మీటర్ల వేగంతో తెల్లకొంగ మీకు 20 మీటర్ల దూరాన అడ్డంగా ఎగురుతోంది. 300 మి.మీ. లెన్సులో దాని ప్రతిబింబం సెన్సరు మీద సెకనుకు 150 మి.మీ. పరుగెడుతుంది. షట్టరు సెకనులో వందోవంతు తెరిస్తే బొమ్మ ఒకటిన్నర మి.మీ. అలుక్కుపోతుంది. రెండువేలవ వంతు తెరిస్తే 0.075 మి.మీ. మాత్రమే. కొంగతోపాటు కెమేరాను కూడా తిప్పుతూ ఉంటే అదీ తగ్గుతుంది. ఇంతవరకు పాత కెమేరా చాలు. కాని క్షణక్షణం దూరం మారే పక్షి కంటి మీద ఫోకస్ నిలపడం బాడీ చేయవలసిన పని.

పాత కెమేరాల్లో లెన్సు వెనక ఒక అద్దం ఉంటుంది. ఫోటో తీసిన ప్రతిసారీ ‘టప్’ మని పైకి లేస్తుంది. 2008 నుంచి అద్దం లేని కెమేరాలు వచ్చాయి. వీటిని ‘మిర్రర్‌లెస్’ అంటారు. వీటిలో సెన్సరే నిరంతరం దృశ్యాన్ని చూస్తూ ఉంటుంది. 2020 నుంచి వచ్చిన కొన్ని కెమేరాలు లక్షల ఫోటోలతో శిక్షణ పొందిన కంప్యూటర్ ప్రోగ్రాము సాయంతో ‘ఇది పక్షి, ఇది దాని కన్ను’ అని పోల్చుకుని ఫోకస్‌ను అక్కడే పట్టి ఉంచుతాయి. పరుగెత్తే పిల్లల ముఖాలకూ ఇది పనికివస్తుంది.

వేగం సంగతి కూడా చూడండి. పరుగు పందెంలో మీ తమ్ముడు సెకనుకు 4 మీటర్లు పరుగెడుతున్నాడు. సెకనుకు 5 ఫోటోలు తీసే కెమేరాలో ఒక ఫోటోకు, తరువాతి ఫోటోకు మధ్య 80 సెం.మీ. ముందుకు పోతాడు. 20 తీసే కెమేరాలో 20 సెం.మీ. మాత్రమే. రిబ్బను తెంచే క్షణం దొరికే అవకాశం నాలుగు రెట్లు.

చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు కూడా ఉంది. పక్షి బెదరదు, ఉయ్యాలలో పాప లేవదు. కాని చాలా కెమేరాల్లో సెన్సరు పై వరుస నుంచి కింది వరుస దాకా ఒకదాని తరువాత ఒకటిగా చదవబడుతుంది. ఈలోగా రెక్క కదిలితే వంగినట్లు పడుతుంది. నమ్మకం లేకపోతే ఫోనుతో తిరిగే ఫ్యాను రెక్కలను పగటి వెలుతురులో తీసి చూడండి.

పాత లెన్సులు ఏమవుతాయి?

ఇది చాలామంది మరచిపోయే ప్రశ్న. లెన్సును తగిలించే వలయానికీ సెన్సరుకూ మధ్య దూరం ఒక్కొక్క తరహా కెమేరాకు ఒక్కొక్క విధంగా ఉంటుంది. ఉదాహరణకు నికాన్ పాత ‘ఎఫ్’ తరహాలో ఇది 46.5 మి.మీ. 2018లో వచ్చిన ‘జెడ్’ తరహాలో 16 మి.మీ. కనుక 30.5 మి.మీ. పొడవున్న గొట్టాన్ని మధ్యలో పెడితే పాత లెన్సు కొత్త బాడీకి సరిపోతుంది. ఇలాంటి గొట్టాన్ని ‘అడాప్టర్’ అంటారు. కొత్త లెన్సును పాత బాడీకి మాత్రం పెట్టలేం. మైనస్ 30.5 మి.మీ. గొట్టాన్ని ఎవరు చేయగలరు? పైగా, ఫోకస్ మోటారు లేని పాత లెన్సులకు అడాప్టరుతో ఆటో ఫోకస్ పనిచేయకపోవచ్చు. మీ లెన్సును దుకాణానికి తీసుకుపోయి, తగిలించి చూసిన తరువాతే డబ్బు కట్టాలి.

తీర్పు ఎలా చెప్పాలి?

మీరు తీసిన ఫోటోల్లో బాగా రాని వందింటిని ఏరండి. ప్రతి ఫోటో ఫైలులోనూ షట్టరు వేగం, ఎఫ్ అంకె, ఐ.ఎస్.ఓ., నాభ్యంతరం నమోదై ఉంటాయి. వాటిని చూసి ఫోటోలను ఐదు కుప్పలు చేయండి.

1. వస్తువు మరీ చిన్నగా పడినవి: పొడవు లెన్సు కావాలి.
2. కదలికవల్ల అలుక్కుపోయినవి: షట్టరు వేగం పెంచాలి. వెలుతురు చాలకపోతే పెద్ద ద్వారం లెన్సు కావాలి.
3. గరుకుగా ఉన్నవి: ముందు పెద్ద ద్వారం లెన్సు. అది ఉన్నా చాలకపోతే పెద్ద సెన్సరు.
4. ఫోకస్ తప్పినవి, క్షణం తప్పినవి: ఇక్కడ కొత్త బాడీ నిజంగా సాయపడుతుంది.
5. ఎదురు వెలుతురులో తీసినవి, తల తెగినవి: ఇందుకు డబ్బు అక్కరలేదు, అభ్యాసం కావాలి.

నాలుగో కుప్ప పెద్దదైతే ధైర్యంగా బాడీ మార్చండి. లేకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఈ కుప్పలు చూపించి ఇంట్లో పెద్దలకు వివరించండి. మీ మాటకు విలువ ఉంటుంది.

చివరగా ఒక హెచ్చరిక. మన సూత్రం ప్రకారం దూరం సగమైతే ప్రతిబింబం రెట్టింపవుతుంది. అలాగని గూళ్ల దగ్గరికి పోకండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. మనిషి మరీ దగ్గరికి పోతే తల్లిపక్షి లేచిపోతుంది. ఈలోగా పిల్లలు ఎండకు మాడతాయి, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. గట్టు మీదే కదలకుండా కూర్చోండి. పక్షి మీకు అలవాటు పడి తానే దగ్గరికి వచ్చేదాకా ఆగడం ఏ కెమేరాతోనూ కొనలేని విద్య.

మీరే లెక్క వేయండి: 28 సెం.మీ. పొడవున్న లకుముకి పిట్ట 14 మీటర్ల దూరంలో ఉంది. 250 మి.మీ. లెన్సుతో మన పాత కెమేరాలో దాని పొడవునా ఎన్ని పిక్సెళ్లు దక్కుతాయి? (జవాబు: ప్రతిబింబం 5 మి.మీ.; సుమారు 1280 పిక్సెళ్లు.)