మూత పెట్టి మన పని మనం చూసుకునే మీట్‌బాల్స్

అమెరికాలో ఉన్న పిల్లలు వీడియో కాల్‌లో ‘ఇవాళ ఆఫీసులో పాట్‌లక్’ అంటుంటారు. తలా ఒక వంటకం చేసి తెచ్చి, కలిసి తినడమన్నమాట. ఆ బల్ల మీద ఎన్ని రకాలున్నా, ఓ మూల ప్లగ్గుకి తగిలించిన కుండ ఒకటి చాలాసార్లు కనిపిస్తుంది. గాజు మూత కింద నిగనిగలాడుతూ ఎర్రటి ఉండలు, పక్కన చిన్న గ్లాసులో టూత్‌పిక్కులు. క్రిస్మస్ విందుల్లోనూ, ఫిబ్రవరిలో సూపర్ బౌల్ మ్యాచ్ చూడ్డానికి నలుగురూ చేరిన ఇళ్లలోనూ ఇదే కుండ. పేరు స్వీట్ అండ్ సేవరీ మీట్‌బాల్స్. తీపి, ఉప్పు, పులుపు కలిసిన ఖీమా ఉండలు.

ఎలా చేస్తారో చెబితే మనవాళ్లు ముందు మొహం చిట్లిస్తారు. ఖీమా ఉండలు, ద్రాక్ష జెల్లీ, చిల్లీ సాస్. మూడూ స్లో కుక్కర్లో వేసి మూత పెట్టడమే. ‘మాంసంలో జెల్లీ ఏంటండీ!’ అంటారు. నిజానికి తీపీ పులుపూ కలపడం మనకేం కొత్త కాదు. బెల్లం ముక్క పడని దప్పళం ఎన్ని ఇళ్లలో ఉంటుంది? కాకపోతే ఆ తీపిని గుమ్మడికాయ దగ్గరే ఆపేసి, మాంసం దాకా రానివ్వం. అంతే తేడా.

పేర్లు కూడా మనల్ని కాస్త తికమక పెడతాయి. జెల్లీ అనగానే పిల్లలు తినే ఊగే జెల్లీ గుర్తొస్తుంది. అక్కడ జెల్లీ అంటే పండ్ల రసాన్ని వడగట్టి, పంచదారతో ఉడికించి గడ్డకట్టించింది. బ్రెడ్డుకి రాసుకుంటారు. జామ్‌లో పండు గుజ్జు ఉంటుంది, జెల్లీలో ఉండదు. వేడి తగలగానే కరిగి, ఉండలకి నున్నగా పట్టి మెరుపునిస్తుంది. ఇక అమెరికా చిల్లీ సాస్‌లో కారం వెతుక్కోవాల్సిందే. టమాటా, వెనిగర్, పంచదార, ఉల్లి, మసాలా కలిసిన కెచప్‌కి అక్కలాంటిది. ఇక్కడి బజార్లో దొరికే రెడ్ చిల్లీ సాస్‌ని అదే కొలతలో పోశారో, అతిథులు మంచినీళ్లకి పరుగులు తీస్తారు.

కుండకీ ఓ కథ ఉంది. ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజినీరు దీనికి 1940లో అమెరికా పేటెంటు పొందాడు. వాళ్లది యూదు కుటుంబం. సబ్బాతు రోజు పొయ్యి వెలిగించకూడదు కాబట్టి, శుక్రవారం పొద్దుగూకే ముందే చోలెంత్ అనే బీన్స్, మాంసం కూర కుండని బేకరీ పొయ్యిలో పెట్టి, ఆరిపోతున్న వేడికే రాత్రంతా ఉడకనిచ్చేవారట. లిథువేనియాలో పుట్టిన వాళ్లమ్మ చెప్పిన ఈ ముచ్చట్లే అతని బుర్రలో పడ్డాయి. ఆ పరికరాన్ని తర్వాత రైవల్ అనే కంపెనీ కొని, 1971లో క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి పెట్టింది. పొద్దున ఆఫీసుకి వెళ్తూ పెట్టిపోతే సాయంత్రానికి కూర సిద్ధం. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? మన పల్లెల్లో పిడకల దాలి మీద పాలకుండ పెట్టి, సాయంత్రానికి ఎర్రటి మీగడ తీసేవాళ్లు కదా, సూత్రం అదే. హైదరాబాద్ హలీమ్ కూడా సన్నని సెగ మీద గంటల తరబడి ఉడికి రుచి తెచ్చుకునేదే.

ఇప్పుడు వంట. ముందే ఉడికించి ఫ్రీజ్ చేసిన మీట్‌బాల్స్ అక్కడ సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి. 900 గ్రాముల ప్యాకెట్‌కి 340 గ్రాముల చిల్లీ సాస్ సీసా ఒకటి, ఒక కప్పు ద్రాక్ష జెల్లీ. ముందు సాస్, జెల్లీ కలిపి, అందులో ఉండలు దొర్లించి, ‘లో’లో మూడు నాలుగు గంటలు, తొందరైతే ‘హై’లో రెండు గంటలు ఉంచుతారు. మన నాలుకకి ఇది కాస్త చప్పగానూ, ఎక్కువ తియ్యగానూ ఉంటుంది. జెల్లీ ముప్పావు కప్పుకి తగ్గించి, ఒక చెంచా మిరప్పొడి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు దంచి వేసి, దించే ముందు నిమ్మరసం పిండితే సరిగ్గా కుదురుతుంది. నీళ్లు మాత్రం పోయకండి. మూత కింద ఆవిరి బయటికి పోదు కాబట్టి సాస్ దానంతటదే పల్చబడుతుంది. మాటిమాటికీ మూత తీసి చూడ్డం కూడా వద్దు. పోయిన వేడి తిరిగి రావడానికి అర్ధగంట దాకా పడుతుంది.

ఇంతవరకూ సులువే. అసలు శ్రద్ధ పెట్టాల్సింది ఒకటి కుండ ఎక్కించకముందే, ప్యాకెట్ వెనకాల. అక్కడ మామూలుగా దొరికే మీట్‌బాల్స్‌లో ఎక్కువగా బీఫ్, చాలావాటిలో దాంతోపాటు పోర్క్ కూడా కలిసి ఉంటుంది. మన బల్ల దగ్గర బీఫ్ తిననివాళ్లు, పోర్క్ ముట్టనివాళ్లు, హలాల్ అయితేనే తినేవాళ్లు అందరూ ఉంటారు. చికెన్‌వీ, టర్కీవీ కూడా దొరుకుతాయి, అవి తెచ్చుకుంటే సగం గొడవ తీరిపోతుంది. ఆ ఉండల్లో గుడ్డు, పాలు, గోధుమ పొడి కూడా ఉంటాయి కాబట్టి అలర్జీ ఉన్నవాళ్లకీ చెప్పాలి. సాస్‌లో మునిగాక ఏ మాంసమో చూసి పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. కుండ పక్కన ఏ మాంసమో రాసి ఓ కాగితం పెట్టండి. దాని గరిటె పక్కనున్న వంకాయ కూరలోకి వెళ్లకుండా చూడండి. శాకాహారి చుట్టం మొహమాటానికి ఏమీ అనకపోవచ్చు, కానీ ఆ పూట ఆమె పెరుగన్నంతోనే సరిపెట్టుకుంటుంది.

రెండోది వేడి. ఇంట్లోనే ఖీమాతో చేసేవాళ్లు ఇది తప్పక చదవాలి. 900 గ్రాముల చికెన్ ఖీమాకి ఒక గుడ్డు, పాలలో నానిన అరకప్పు బ్రెడ్ పొడి, అల్లం వెల్లుల్లి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, మిరియాలు, ఉప్పు కలిపి నిమ్మకాయంత ఉండలు చేయండి. వాటిని 200 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో ఇరవై నిమిషాలు కాల్చి, అప్పుడే సాస్‌లో వేయాలి. చికెన్ ఉండ నడిబొడ్డున 74 డిగ్రీలు, మటన్, బీఫ్ అయితే 71 డిగ్రీలు రావాలన్నది అమెరికా ఆహార భద్రతా నియమం. గడ్డకట్టిన పచ్చి ఖీమా ఉండల్ని తిన్నగా స్లో కుక్కర్లో వేస్తే అంత వేడెక్కేసరికి గంటలు పడుతుంది. ఈలోగా సూక్ష్మజీవులకి పండగ. ‘వార్మ్’ మీట ఉడికినదాన్ని వేడిగా ఉంచడానికే, వండడానికి కాదు. మాటల్లో మాట, నానబెట్టిన రాజ్మాని కూడా విడిగా బాగా మరిగించకుండా ఇందులో వేయకండి. దాని విషగుణం ఈ సన్నసెగకి పోదు, వాంతులవుతాయి.

ఇక్కడ ఇంట్లో చేసుకోవాలంటే స్లో కుక్కర్ కొనక్కర్లేదు. కొన్ని ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్లలో ‘స్లో కుక్’ మీట ఉంటుంది, చూడండి. లేదంటే అడుగు మందంగా ఉన్న గిన్నె, సిమ్‌లో ఇరవై ఐదు నిమిషాలు చాలు. అడుగంటకుండా ఒక అరకప్పు నీళ్లు పోసి, మధ్యమధ్య కలపాలి. చిల్లీ సాస్‌కి బదులు కప్పు టమాటా కెచప్‌లో రెండు పెద్ద చెంచాల వెనిగర్, మిరప్పొడి కలపండి. జెల్లీకి బదులు మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్ పనికొస్తుంది. మాకైతే చిక్కటి చింతపండు గుజ్జు రెండు చెంచాలు, తురిమిన బెల్లం పావు కప్పు వేసిందే ఎక్కువ నచ్చింది. జామ్ మెరుపు రాదు కానీ అన్నంలోకి కూడా కలుపుకోవచ్చు.

విందు అయ్యాక కుండలోనే వదిలేయకండి. ప్లగ్గు తీసిన రెండు గంటల్లోపు వెడల్పాటి గిన్నెలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాడు స్టవ్ మీద ఆవిర్లు వచ్చేదాకా వేడిచేసి, బన్ను మధ్యలో ఉల్లిపాయ చక్రాలతో పెట్టివ్వండి. పిల్లల టిఫిన్ డబ్బా ఖాళీగా తిరిగొస్తుంది.