స్క్రూడ్రైవర్ తీసే ముందు: ఇంటి రిపేర్లపై అపోహలు – వాస్తవాలు

పలివెలలో మిక్సీ ఆగిపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా జరిగేది రెండిట్లో ఒకటి. ఇంట్లో కుర్రాడు స్క్రూడ్రైవర్ తీస్తాడు, లేదా సామాను బండి మీద పెట్టుకుని కొత్తపేట దుకాణానికి పట్టుకెళ్తారు. ఎప్పుడు ఏది చేయాలన్నది మాత్రం వస్తువు ధరను బట్టి తేల్చేస్తున్నాం. ఖరీదైనదైతే షాపుకి, చవకదైతే ఇంట్లోనే. ఈ లెక్క ప్రమాదకరం. వంద రూపాయల నాసిరకం ఛార్జరు ప్రాణం తీయగలదు. నాలుగు వేల రూపాయల మిక్సీ జారుకి కప్లర్ మార్చడం ఎవరి చేతనైనా అవుతుంది. చూడాల్సింది ధర కాదు. లోపల కరెంటు ఎంత నిలవ ఉంటుంది, మన పొరపాటు వల్ల పోయేది వస్తువా, మనిషా అన్నది చూడాలి. ఈ ప్రశ్నలు అడగకుండా మనల్ని ఆపుతున్న నమ్మకాలు చాలానే ఉన్నాయి.

అపోహ: వస్తువు పనిచేయడం లేదంటే లోపం వస్తువులోనే ఉంది.

చాలాసార్లు లోపం బయటే ఉంటుంది. ప్లగ్గు పిన్నులు నల్లబడతాయి, సాకెట్లో స్ప్రింగు వదులవుతుంది, వైరు ప్లగ్గు మొదట్లో వంగి వంగి లోపల తెగుతుంది. మన కోనసీమ తేమకు స్విచ్ బోర్డుల్లో చిలుము త్వరగా పడుతుంది, చీమలు కాపురం పెడతాయి. అందుకే మూత విప్పే ముందు అదే వస్తువును వేరే గదిలో, వేరే సాకెట్‌కి పెట్టి చూడాలి. రిమోట్ పనిచేయకపోతే ఫోన్ కెమెరా ముందు బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో, ముఖ్యంగా ముందువైపు కెమెరాలో, రిమోట్ కొసన చిన్న వెలుగు కనిపిస్తుంది. అది కనిపిస్తే రిమోట్ బాగానే ఉంది, టీవీ వైపు చూడాలి. మిక్సీ అయితే అడుగున ఎర్ర బటన్ ఉందేమో చూడండి. పండగ పిండికో, కొబ్బరి పచ్చడికో జారు నిండా వేసి తిప్పినప్పుడు మోటారు కాలిపోకుండా ఆ బటన్ బయటికి తన్నుకొస్తుంది. కాసేపు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే చాలు. దీనికోసం మిక్సీని షాపు దాకా మోసుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో సంగతి మరింత ముఖ్యం. గాలివాన వచ్చి వెళ్లాక ఒకే ఇంట్లో రెండు మూడు వస్తువులు ఒక్కసారే పోయినా, బల్బులు కొన్ని గుడ్డిగా, కొన్ని కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతున్నా, తప్పు వస్తువులది కాదు. కొబ్బరి మట్ట పడి లైన్లో న్యూట్రల్ తెగిపోయి ఉండొచ్చు. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగితే 230 వోల్టులు రావలసిన ఇంటికి, పక్క ఇళ్ల వాడకాన్ని బట్టి, ఒక్కోసారి 400కు దగ్గరగా వస్తుంది. ఇంట్లో స్విచ్ వేసి ఉండగా సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలిగిందంటే న్యూట్రల్ ఎక్కడో తెగిందని అనుమానించాలి. వెంటనే మెయిన్ ఆపి విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాలి. అది సరిచేయకుండా టీవీ బోర్డు మార్పిస్తే ఆ కొత్త బోర్డూ కాలిపోతుంది.

అపోహ: స్విచ్ ఆపి ప్లగ్గు తీసేస్తే లోపల కరెంటు ఉండదు.

ఇంటి రిపేర్లలో ప్రాణాల మీదికి తెచ్చే నమ్మకం ఇదే. స్విచ్ ఆపడం ఒక్కటే ఎలాగూ చాలదు. వైరింగ్ చేసినవాళ్లు పొరపాటున న్యూట్రల్ మీద స్విచ్ పెట్టి ఉంటే, స్విచ్ ఆపినా ఫేజు వస్తువు దాకా వచ్చి కూర్చుంటుంది. ప్లగ్గు తీస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. కానీ కండెన్సర్లలో నిలవ ఉన్న కరెంటు అలాగే ఉంటుంది. ఎల్‌ఈడీ టీవీ, కంప్యూటర్ వంటివాటి పవర్ బోర్డు 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు పెద్ద కండెన్సర్లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి. మైక్రోవేవ్ ఓవెన్‌లో అది 2,000 వోల్టుల పైమాటే. అటకెక్కిన పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో 20,000 వోల్టులు దాటుతుంది. ఈ నిలవను మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్ చాలా వస్తువుల్లో ఉంటుంది. అయితే పాడైన వస్తువులో ఆ రెసిస్టర్ బాగుందని ఎవరు చెప్పగలరు?

అందుకని మైక్రోవేవ్, డబ్బా టీవీ, ఏ టీవీదైనా పవర్ బోర్డు, ఇన్వర్టర్ పెట్టె, గీజరు, ఉబ్బిన ఫోన్ బ్యాటరీ – వీటిని ఇంట్లో విప్పకూడదు. మీటరుతో కొలిచి, నిలవను తీసేయడం తెలిసినవాళ్లకే ఇవ్వాలి. ప్లగ్గు పూర్తిగా తీశాక ఇంట్లోనే చేసుకోదగ్గవీ ఉన్నాయి: మిక్సీ కప్లర్, కార్బన్ బ్రష్షులు, గ్రైండర్ బెల్టు, ఇస్త్రీపెట్టె వైరు, రిమోట్ శుభ్రం చేయడం.

ఇన్వర్టర్ బ్యాటరీ గురించి ఒక మాట. 12 వోల్టులేగా అనుకుంటారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ రెండు టెర్మినళ్ల మధ్య స్పానర్ ఆనిందంటే వందల ఆంపియర్లు పారి ఇనుము ఎర్రగా కాలుతుంది. ఛార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్‌కు ఆ నిప్పురవ్వ చాలు. డిస్టిల్డ్ వాటర్ మనమే పోసుకోవచ్చు, గాలి ఆడేచోట, దీపం, అగరొత్తి దగ్గర లేకుండా.

అపోహ: ఎంసీబీ ఉంది, కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి, షాక్ కొట్టదు.

ఎంసీబీ వైర్లను కాపాడటానికి పెట్టింది. 6 లేదా 16 ఆంపియర్లు దాటితే పడిపోతుంది. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది కూడా ఒంట్లోంచి భూమిలోకి కరెంటు పారినప్పుడే పడుతుంది. రెండు చేతులతో ఫేజునూ న్యూట్రల్‌నూ పట్టుకున్నవాణ్ణి అదీ కాపాడలేదు, చెప్పులూ కాపాడలేవు.

అపోహ: ఫ్రిజ్ చల్లబడటం లేదంటే గ్యాస్ అయిపోయింది.

గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. సీలు చేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు మూయకుండా గ్యాస్ పట్టిస్తే డబ్బు గాలికి పోసినట్టే. అసలు గ్యాస్ దాకా వెళ్లకముందే తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూయండి. సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు పట్టు వదిలింది. వెనక నల్లటి గొట్టాల మీద దుమ్ము, గోడకు మరీ ఆనించి పెట్టడం, లోపల పేరుకున్న మంచు, పాడైన థర్మోస్టాట్, కంప్రెసర్ రిలే – ఇవన్నీ చూశాకే గ్యాస్ మాట. అయితే గొట్టాల జోలికి మనం వెళ్లకూడదు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్‌600ఏ, అంటే ఐసోబ్యూటేన్, మండే వాయువు ఉంటుంది.

అపోహ: తడిస్తే ఎండలో పెడితే సరి, ఫోన్ అయితే బియ్యంలో పెడితే సరి.

వరి పండే సీమ కాబట్టి బియ్యం డబ్బా ఎప్పుడూ చేతికందేలా ఉంటుంది. కానీ ఫోన్ లోపలి నీటిని బియ్యం పీల్చలేదు. పైపెచ్చు పిండి, నూక ఛార్జింగ్ రంధ్రంలో చేరతాయి. బియ్యంలో పెట్టవద్దని ఆపిల్ కంపెనీయే 2024లో తన వినియోగదారులకు చెప్పింది. తడిసిన ఫోన్‌ని వెంటనే ఆపేసి, సిమ్ ట్రే తీసి, రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలికి ఉంచాలి. ఛార్జింగ్ పెట్టకూడదు. కరెంటు ఉన్నచోట నీరు రాగిని తినేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునీటిలో పడితే ఆ తినడం గంటల్లోనే మొదలవుతుంది. ఆగి చూద్దాం అనకుండా అదే రోజు బోర్డు శుభ్రం చేయించాలి.

వరద నీరు దీనికన్నా మొండిది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కుల పైన గోదావరి పారినప్పుడు కోనసీమ లంక గ్రామాల ఇళ్లలోకి వచ్చింది ఒండ్రు కలిసిన నీరు. అలాంటి నీటిలో మునిగిన వస్తువు పైన ఎండి కనిపిస్తుంది, లోపల మోటారు చుట్ల మధ్య బురద పొర తేమను పట్టి ఉంచుతుంది. పనిచేస్తుందో లేదో చూద్దామని ప్లగ్గు పెట్టడమే బాగుపడాల్సిన వస్తువును చంపుతుంది. మంచినీటితో కడిగించి, ఆరబెట్టించి, ఇన్సులేషన్ పరీక్ష అయ్యాకే కరెంటు ఇవ్వాలి. ఇంటి వైరింగ్‌కీ ఇదే నియమం.

అపోహ: నాలుగు తగిలిస్తే పనిచేస్తుంది.

పనిచేయవచ్చు. సోల్డరింగ్ ఎక్కడో పగిలిందనీ, కొట్టినప్పుడు తాకుతోందనీ దానర్థం. ఆ సంగతి మెకానిక్‌తో చెప్పండి, అతని వెతుకులాట సగం తగ్గుతుంది. కొడుతూ పోతే ఆ పగులు దగ్గర నిప్పురవ్వలు లేచి బోర్డు మాడుతుంది.

అపోహ: వీడియో చూస్తే ఏదైనా చేసేయొచ్చు.

సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్నా, చేత్తో నెడితే గానీ కదలకపోయినా కండెన్సర్ మార్చుకోవడం మంచి మొదటి పాఠం. సాధారణంగా 2.5 మైక్రోఫారడ్లది, వంద రూపాయల లోపే. మెయిన్ ఆపి, పాత దాని మీద రాసిన అంకె చూసి అదే తెచ్చుకోవాలి. కానీ మీది బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే ఆ వీడియో మీకు పనికిరాదు. అందులో ఆ కండెన్సర్ ఉండదు, దాని చోట ఒక బోర్డు ఉంటుంది. మీ మోడల్ నంబరుకు సరిపోని వీడియో ఎంత బాగా చెప్పినా పక్కన పెట్టండి.

అపోహ: సీలు స్టిక్కర్ చిరిగితే ఇక ఏ హక్కూ లేదు.

వారంటీ ఉండగా విప్పకపోవడమే తెలివి. బయటివాళ్లు విప్పితే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు షరతు పెడతాయి. లోపం ముందే ఉందో, విప్పాక వచ్చిందో తేల్చడమూ కష్టమవుతుంది. అయితే తయారీ లోపంపై ఫిర్యాదు చేసే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. దాన్ని ఒక స్టిక్కర్ రద్దు చేయలేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. అందులో చేరిన కంపెనీల సర్వీసు, విడిభాగాల వివరాలు ఒకేచోట దొరుకుతాయి. కంపెనీ సతాయిస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు.

అపోహ: రిపేరు ఖర్చు సగం ధర దాటితే కొత్తది కొనడమే మేలు.

ఈ సగం లెక్క ఏ శాస్త్రమూ చెప్పలేదు. టీవీ ప్యానెల్ పగిలితే, అవును, కొత్త టీవీకి దగ్గరగా అవుతుంది, వదిలేయండి. బోర్డు పోయిందన్నప్పుడు మాత్రం తొందరపడవద్దు. కంపెనీ సర్వీసు వాళ్లు సాధారణంగా బోర్డు మొత్తం మారుస్తారు, ఆ ధరే చెబుతారు. కొత్తపేటలోనో రావులపాలెంలోనో సోల్డరింగ్ చేతిపని తెలిసిన మెకానిక్ అదే బోర్డులో ఉబ్బిన ఒక్క కండెన్సర్ మార్చి ఇవ్వగలడు. ఆ పనితనాన్ని మనం నిలబెట్టుకోవాలి. అందుకే రెండుచోట్ల ధర అడగండి. మార్చిన పాత భాగాన్ని తిరిగి ఇమ్మనండి. ఏ భాగం మార్చారో, దానికి ఎన్ని నెలల గ్యారంటీయో బిల్లు మీద రాయించుకోండి.