మొరాయించిన యంత్రము

వేసవి సెలవులు ముగిసి, జూన్ మాసమున బడి తెరచిన దినమున కందుకూరు ప్రాంతపు ఉపాధ్యాయుడొకడు కంప్యూటరు మీట నొక్కుననుకొందము. దీపము వెలుగును, పంకా తిరుగును, తెరపై తయారీ సంస్థ గుర్తు కనబడును. అంతటితో సరి. ఎంతసేపు వేచినను అది ముందునకు కదలదు. ‘పాతబడినది, పారవేయుడు’ అని యొకరందురు. ‘అంతయు చెరిపి క్రొత్తగా నెక్కింపుడు’ అని మరియొకరందురు. రెండును తొందరపాటు మాటలే. ఆ పెట్టెలో నిరుటి మార్కులున్నవి; పిల్లలు గీసిన బొమ్మలున్నవి. చెరిపిన పిదప విచారించి ఫలమేమి?

యంత్రము మేల్కొనుట ఒక్క అంగలో జరుగు పని కాదు. మీట నొక్కగనే బయాస్ లేక యూఈఎఫ్ఐ అనబడు చిన్న ప్రోగ్రాము మెమరీని, కీబోర్డు మొదలగువానిని పరీక్షించును. పిదప డిస్కును వెదకి ఆపరేటింగు సిస్టమును పిలుచును. అది ఒక్కొక్క పరికరమును నడపు డ్రైవర్లను వెంటబెట్టుకొని వచ్చి, తుదకు మన పేరును, సంకేతపదమును అడుగును. కావున ‘ఏల ఆగినది?’ అనుటకు ముందు ‘ఎచ్చట ఆగినది?’ అని ప్రశ్నింపవలెను.

సంస్థ గుర్తు వద్దనే ఆగినచో మొదట పరికరములను అనుమానింపవలెను. పెన్‌డ్రైవు, ప్రింటరు తీసివేసి, కీబోర్డు, మౌసులతో మాత్రమే ప్రారంభించి చూడుడు. మరచిపోయిన పెన్‌డ్రైవొకటి దారి తప్పించుట కలదు. ఫలింపనిచో విద్యుత్తు తీగను ఊడదీసి, పెట్టె తెరచి, మెమరీ పలకను తీసి, పొడిగుడ్డతో దాని అంచు తుడిచి, గట్టిగా అమర్చుడు. ప్రతిమారు తేదీ వెనుకటి సంవత్సరమునకు పోవుచుండినచో లోపలి 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ క్షీణించినదని గ్రహింపుడు. ఒక్కమారు ఒక్క మార్పే చేసి, ఫలితమును పుస్తకమున వ్రాసికొనవలెను. డిస్కు టకటకమని చప్పుడు చేసినచో ప్రయత్నములు మాని, తెలిసినవారిచే అందలి సమాచారమును ముందు భద్రపరుపవలెను.

విండోస్ గుర్తు వచ్చిన పిదప ఆగినచో డ్రైవర్లయందో, ఇటీవల ఎక్కించిన ప్రోగ్రామునందో దోషముండవచ్చును. విండోస్ 10, 11 లలో ప్రారంభము వరుసగా విఫలమైనప్పుడు మరమ్మతు తెర తనంత తాను వచ్చును. అందుండి సేఫ్ మోడ్‌లో ప్రవేశింపవచ్చును. అత్యవసరమగు డ్రైవర్లు మాత్రమే అందు నడచును. అందు యంత్రము చక్కగా తెరచుకొన్నచో, క్రొత్తగా వచ్చినదానిని తొలగించి చూచుటయే తరువాతి పని.

ఈ సేఫ్ మోడ్ విలువను లోకమెల్ల ఎరిగిన దినమొకటి కలదు. 2024 జూలై 19 న మన కాలమానమున ఉదయము 9 గంటల 39 నిమిషములకు క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ లోపభూయిష్టమగు ఫైలు నొకదానిని పంపినది. దానిని 78 నిమిషములలో ఉపసంహరించినది. అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు దెబ్బతినెనని మైక్రోసాఫ్ట్ అంచనా. అవి నీలితెర చూపి, మరల మొదలై, మరల కూలినవి. మందు సిద్ధమైనను పుచ్చుకొనుటకు రోగి మేల్కొనవలెను గదా! అనేక యంత్రముల చెంతకు మనుష్యులే వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరచి, ఆ ఒక్క ఫైలును తొలగింపవలసివచ్చినది. ఇచటి శంషాబాదు విమానాశ్రయమున సయితము ఆ దినమున ప్రయాణికునకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసు నిచ్చిరి.

అన్ని లక్షల యంత్రములను నిలిపినది ఒక్క ఫైలు. వానిని లేపుటకు డిస్కులు చెరుపవలసిన పని లేకపోయినది. బడిలోని కంప్యూటరునకును ఇదే న్యాయము. మార్కులకు వేరొకచోట ఒక ప్రతి యుంచుడు. యంత్రము మొరాయించిన నాడు విద్యార్థులను చుట్టు నిలిపి, అది ఎచ్చట ఆగినదో వారిచేతనే చెప్పింపుడు. ఆనాటికి అదియే మంచి విజ్ఞానపాఠము.